భయం వేసినప్పుడు బుద్ధి ఎక్కడికి పోతుంది?



మన తెలుగులో భయాన్ని గురించి వున్నన్ని మాటలు మరి దేన్ని గురించీ లేవేమో అనిపిస్తుంది. గుండె జారిపోయింది అంటాం. నోరెండిపోయింది అంటాం. కాళ్ళూ చేతులూ ఆడలేదు, ముచ్చెమటలు పోశాయి, నోట మాట రాలేదు, పైప్రాణాలు పైనే పోయాయి... ఇలా ఎన్నో! ఒక్కసారి ఈ మాటల్ని వరసగా పెట్టి చూడండి. గుండె, నోరు, కాళ్ళు, చేతులు, చెమట. అన్నీ ఒంటికి సంబంధించినవే. 'నా ఆలోచన ఆగిపోయింది' అని మాత్రం ఎవరమూ అంత తేలిగ్గా అనం. ఎందుకంటే ఆలోచన ఆగిపోయినప్పుడు, అది ఆగిపోయిందన్న సంగతి మనకే తెలీదు. ఈ రోజు మీతో ముచ్చటించాలనుకున్నది సరిగ్గా ఆ విషయమే.

ముందుగా ఒక మాట. భయం చెడ్డది కాదు. 'భయం లేని కోడి బజార్లో గుడ్డు పెట్టిందట' అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. భయమే లేకపోతే మనిషి జాతి ఇన్నాళ్ళు బతికి బట్ట కట్టేదే కాదు. పసిబిడ్డ పెద్ద చప్పుడికి ఉలిక్కిపడుతుంది. ఎవరు నేర్పారు దానికి? ఎవరూ నేర్పలేదు. పుట్టుకతోనే వచ్చింది. వేడి పెనానికి వేలు తగిలితే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. 'తియ్యనా, వద్దా?' అని ఆలోచిస్తూ కూచుంటే వేలు కాలిపోదూ? ఆలోచనకి వ్యవధి లేనిచోట ప్రాణాన్ని కాపాడడానికి ప్రకృతి ఇచ్చిన వరం అది. దాన్నే సహజప్రవృత్తి అంటున్నాం.

మరి భయం వేసినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది? మెదడు లోపల, రెండు వైపులా, బాదంగింజ అంత భాగం ఒకటి వుంటుంది. దాన్ని అమిగ్డలా అంటారు. అది మన ఇంటి కాపలాదారు లాంటిది. కంటికీ చెవికీ ఏదైనా తేడాగా తోస్తే చాలు, గబుక్కున కేకేస్తుంది. ఆ కేక వినగానే మూత్రపిండాల మీద టోపీల్లా వుండే చిన్న గ్రంథులు అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె దడదడా కొట్టుకుంటుంది. రక్తం కాళ్ళకీ చేతులకీ పరుగెడుతుంది. నోట్లో తడి ఆరిపోతుంది. ఇదంతా ఎందుకంటే, ఎదురు తిరిగి పోట్లాడ్డానికో, లేక పారిపోవడానికో ఒంటిని సిద్ధం చెయ్యడానికి! అమెరికాలో వాల్టర్ కానన్ అనే శాస్త్రజ్ఞుడు 1915లో రాసిన పుస్తకంలో ఈ సంగతులన్నీ వివరించాడు. కొన్నిసార్లు పోట్లాటా వుండదు, పరుగూ వుండదు. మనిషి అక్కడే కొయ్యబారి నిలబడిపోతాడు. మనం 'కాళ్ళూ చేతులూ ఆడలేదు' అంటామే, అదన్నమాట.

ఈ కాపలాదారుడు చాలా చురుకైనవాడు. కానీ చూపు మాత్రం అంత చక్కనిది కాదు. మసక వెలుతుర్లో తాడుని చూసి 'పాము!' అని అరుస్తాడు. నిదానంగా చూసి, 'కాదు నాయనా, అది తాడు' అని చెప్పే పని నుదుటి వెనకాల వున్న మెదడు భాగానిది. తాడునీ పామునీ కలిపి మన వేదాంతులు ఎప్పుడో చెప్పిన ఉపమానం ఇక్కడ ఎంత బాగా అతికిందో చూడండి! చిక్కేమిటంటే, కేక ముందు వినిపిస్తుంది, వివేకం తర్వాత వస్తుంది. భయం మరీ ఎక్కువైతే ఆ వివేకం మాట అసలు వినిపించదు. ఇంట్లో అందరూ ఒక్కసారిగా అరుస్తుంటే మూలన కూచున్న తాతగారి మాట ఎవరికి వినపడుతుంది చెప్పండి?

పాతకాలంలో అడవిలో పులి ఎదురైతే పరుగెత్తాలన్న బుద్ధి పనికొచ్చిందేమో! ఇప్పుడు మనకి పులులు ఎదురుకావడం లేదు. మనకి ఎదురయ్యేవి గ్యాసు పొయ్యి, కరెంటు స్విచ్చి, చేతిలో వుండే ఫోను. వీటి దగ్గర ఆ పాత ప్రవృత్తి చెప్పినట్టు వింటే చాలాసార్లు ప్రాణం మీదికి వస్తుంది. మన వంటింట్లోంచే మొదలుపెడతాను.

పండగపూట బూరెలు వేస్తున్నారనుకోండి. ఎవరో తలుపు తట్టారు, వెళ్ళి రెండు నిమిషాలు మాట్లాడి వచ్చేసరికి మూకుట్లో నూనె భగ్గున అంటుకుంది. మొట్టమొదట చెయ్యి దేని మీదికి పోతుంది? పక్కనే వున్న నీళ్ళ చెంబు మీదికి! నిప్పు అంటే నీళ్ళు. చిన్నప్పట్నించీ తెలిసిన సంగతి. భయంలో మనిషికి బాగా అలవాటైన పనే ముందు తోస్తుంది. కానీ మండే నూనెలో నీళ్ళు పోస్తే ఏమవుతుంది? నీళ్ళు నూనె కన్నా బరువు గనక కిందికి దిగుతాయి. ఆ వేడికి క్షణంలో ఆవిరైపోతాయి. నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మండుతున్న నూనెనంతా పైకి ఎగజిమ్ముతుంది. మూకుట్లో వున్న మంట ఇంటి కప్పు దాకా లేస్తుంది. ఇక రెండో తప్పు, మూకుడుని పట్టుకుని పెరట్లోకి పరుగెత్తడం. ఆ నూనె తొణికి చీర మీద పడితే?

చెయ్యవలసిన పని చాలా చిన్నది. పొయ్యి కట్టెయ్యాలి. మూకుడు మీద సరిపోయే మూత గానీ పళ్ళెం గానీ పక్కనించి జరిపి మూసెయ్యాలి. గాలి అందక మంట దానంతటదే ఆరుతుంది. చల్లారేదాకా మూత తియ్యకూడదు. ఇంతే. ఈ సంగతి తెలియక కాదు, ఆ నిమిషాన గుర్తుకు రాక ప్రమాదాలు జరుగుతాయి.

అలాగే చీర కొంగు అంటుకున్నప్పుడు మనిషి చేసే పని ఏమిటి? పరుగు! భయం చెప్పేది అదే మరి, 'పారిపో' అని. కానీ ఒంటి మీద వున్న మంట నించి ఎక్కడికి పారిపోతాం? పరుగెత్తిన కొద్దీ గాలి తగిలి మంట పెద్దదవుతుంది. నిలబడితే పైకి, మొహం మీదికి పాకుతుంది. అందుకే ఆగాలి, నేల మీద పడుకోవాలి, అటూ ఇటూ దొర్లాలి. పక్కన ఎవరైనా వుంటే మందపాటి దుప్పటి కప్పి మంట ఆర్పాలి. కాలిన చోట చల్లని కుళాయి నీళ్ళు ఇరవై నిమిషాల పాటు పోసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. టూత్‌పేస్టూ, సిరా, మంచుగడ్డా పెట్టకూడదు.

గ్యాసు వాసన వచ్చినప్పుడు జరిగేదీ ఇలాంటిదే. అసలు ఆ గ్యాసుకి సొంత వాసన లేదు. మనకి తెలియడం కోసమే ఆ కుళ్ళు వాసన కలుపుతారు. అర్ధరాత్రి ఆ వాసనకి మెలకువ వస్తే కంగారులో మొదట చేసే పని లైటు వెయ్యడం. లైటు వెలుగుతూ వుంటే ఆర్పెయ్యడం. రెండూ ప్రమాదమే. స్విచ్చి వేసినా తీసినా లోపల చిన్న నిప్పురవ్వ పుట్టొచ్చు. వంటగ్యాసు గాలి కన్నా బరువు. పైకి పోదు, నేల మీద నీళ్ళలా పరుచుకుంటుంది. కాబట్టి ఏ స్విచ్చీ ముట్టకుండా తలుపులూ కిటికీలూ తెరిచి, రెగ్యులేటరు కట్టేసి, పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి, అక్కడ నించి 1906 నంబరుకి ఫోను చెయ్యాలి. ఈ నంబరు గ్యాసు లీకుల కోసమే పెట్టింది.

ఇక పాము సంగతి. 'బస్తీలో వుండేవాళ్ళం, మాకెందుకు?' అనుకోకండి. కొత్త కాలనీల్లో, ఖాళీ స్థలాల పక్క ఇళ్ళల్లో పాములు కనిపిస్తూనే వున్నాయి. పైగా మనందరికీ పల్లెల్లో పుట్టిళ్ళో అత్తవారిళ్ళో వున్నాయి. 2000 నించి 2019 దాకా ఇరవై ఏళ్ళలో మన దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు అంచనా కట్టారు. ఇందులో విషం వాటా ఎంతో వుంది గానీ, భయం వాటా కూడా తక్కువేం కాదు. కరవగానే 'చచ్చానురో' అని పరుగెడతారు. పరుగెత్తితే రక్తం వేగంగా పారి విషం తొందరగా ఒంట్లోకి పాకుతుంది. పైన తాడుతో బిగించి కడతారు, బ్లేడుతో కోస్తారు, నోటితో పీలుస్తారు. ఇవేవీ మేలు చెయ్యవు, కీడే చేస్తాయి. ఆ తర్వాత మంత్రం వేసేవాడి దగ్గరికి పరుగు! మన చుట్టూ వుండే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివి. విషప్పాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు. అలా విషం ఎక్కనివాళ్ళు ఎలాగూ బతుకుతారు. పేరు మంత్రానికి వస్తుంది. ఆ పేరు చూసి నిజంగా విషం ఎక్కినవాళ్ళు కూడా అక్కడికే వెళ్ళి, విలువైన గంటలు పోగొట్టుకుంటారు.

పాముకాటుకి డాక్టర్లు చెప్పే ప్రథమ చికిత్సలో మొదటి మెట్టు ఏమిటో తెలుసా? మందూ కాదు, కట్టూ కాదు. ధైర్యం చెప్పడం! 'ఏం ఫరవాలేదు, ఆస్పత్రిలో దీనికి మందుంది' అని చెప్పి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా వుంచి, 108కి ఫోను చేసి, విరుగుడు ఇంజక్షను దొరికే ఆస్పత్రికి చేర్చాలి. చూశారా, భయం తగ్గించడం కూడా వైద్యమే!

మంటా, పామూ కంటికి కనిపించే భయాలు. ఈ మధ్య కంటికి కనిపించని భయం ఒకటి ఇళ్ళల్లోకి వచ్చింది. అది ఫోనులో వస్తుంది. 'మీ పేరున వచ్చిన పార్సిల్లో మత్తుమందులు దొరికాయి' అనో, 'మీ ఆధార్ నంబరుతో దొంగ ఖాతా తెరిచారు, మీ మీద కేసు వుంది' అనో ఒక గొంతు చెపుతుంది. తర్వాత వీడియోలో పోలీసు దుస్తుల్లో ఒక మనిషి కనిపిస్తాడు. వెనకాల పోలీసు స్టేషను లాంటి గది. 'మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం. ఫోను పెట్టెయ్యకూడదు. గది దాటకూడదు. మీవారికి గానీ పిల్లలకి గానీ చెప్పకూడదు. ఖాతాలో డబ్బు మేం చెప్పిన చోటికి పంపండి, పరీక్షించి తిరిగి పంపుతాం' అంటాడు. ఈ మాటలు నమ్మి జీవితమంతా కూడబెట్టిన సొమ్ము పంపేసినవాళ్ళలో బాగా చదువుకున్నవాళ్ళూ, పెద్ద వుద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళూ వున్నారు.

'అంత చదువుకుని ఎలా నమ్మారమ్మా?' అని మనం బుగ్గలు నొక్కుకుంటాం. కానీ అది చదువుకి సంబంధించిన సంగతి కాదు. ఆ మోసగాళ్ళకి మనిషి మనసు బాగా తెలుసు. వాళ్ళు చేసే పనులు మూడే మూడు. ఒకటి, గుండె గుభేలుమనిపించే మాట. రెండు, 'ఇప్పుడే, ఈ క్షణమే' అన్న తొందర. మూడు, ఎవరికీ చెప్పొద్దన్న ఆంక్ష. మొదటిది కాపలాదారుణ్ణి నిద్ర లేపుతుంది. రెండోది తాతగారికి నోరు తెరిచే వ్యవధి ఇవ్వదు. మూడోది పక్కింటావిడ రూపంలో రాగల వివేకాన్ని కూడా గడప దగ్గరే ఆపేస్తుంది. దొంగ మన తలుపు పగలగొట్టడం లేదు. మన భయమే వెళ్ళి వాడికి తలుపు తీస్తోంది!

అందుకని ఒక విషయం ప్రశాంతంగా వున్నప్పుడే మనసులో నాటుకోవాలి. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో కూడా ఈ మాటే చెప్పి, ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాతే ఏదైనా చెయ్యండి అని హెచ్చరించారు. ఏ పోలీసూ ఫోనులో అరెస్టు చెయ్యడు, డబ్బు పంపమనడు. ఇంకో సంగతి కూడా ఆడవాళ్ళం గుర్తుంచుకోవాలి. పొద్దుగూకిన తర్వాత, తెల్లవారేలోగా ఆడవాళ్ళని మామూలుగా అరెస్టు చెయ్యకూడదు. చాలా ప్రత్యేకమైన కారణం వుంటే తప్ప, అదీ మేజిస్ట్రేటు అనుమతితో మహిళా పోలీసు అధికారి చెయ్యవలసిందే. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకి ఫోను చెయ్యాలి. ఎంత త్వరగా చెపితే ఆ సొమ్ము ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఒక్క మనిషి భయపడితేనే ఇంత వుంటే, ఊరంతా కలిసి భయపడితే ఎలా వుంటుందో మనవాళ్ళకి బాగా తెలుసు. 1979లో స్కైలాబ్ పడబోతోందన్నప్పుడు మన పల్లెల్లో జరిగిన వింతలు మా పెద్దవాళ్ళు కథలు కథలుగా చెప్పేవారు. 'రేపు వుంటామో లేదో' అని మేకల్నీ కోళ్ళనీ కోసుకు తిన్నవాళ్ళు వున్నారట, దాచుకున్న డబ్బు ఖర్చు పెట్టేసినవాళ్ళు వున్నారట. చివరికి జూలై 11న అది హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ ముక్కలై పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. స్కైలాబ్ వల్ల కాదు గానీ, స్కైలాబ్ భయం వల్ల మనవాళ్ళు నష్టపోయారు!

అది నవ్వుకునే కథ. మనం నవ్వలేనిది ఇంకొకటి వుంది. 2016 నవంబరులో ఉప్పు దొరకదని పుకారు పుట్టి, అనేక ఊళ్ళలో జనం కొట్ల ముందు ఎగబడి, కిలో ఉప్పు వందల రూపాయలు పెట్టి కొన్నారు. మూడు వైపులా సముద్రం వున్న దేశంలో ఉప్పు కరువా అని ఒక్క నిమిషం అనుకుంటే చాలు. కానీ పక్కావిడ అయిదు పొట్లాలు పట్టుకెళుతుంటే మన కాళ్ళు నిలవవు. నిజంగా ఉప్పు కరువు లేకపోయినా, అందరూ ఎగబడినందువల్ల సాయంత్రానికి కొట్లో ఉప్పు లేకుండా పోతుంది. 'చూశావా, నే చెప్పలేదూ!' అంటాం. భయం తనని తానే నిజం చేసుకుంటుంది.

2018 వేసవిలో జరిగింది ఇంకా ఘోరం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో బొమ్మలూ వార్తలూ పాకాయి. అవి నిజం కావు. కానీ పిల్లల మాట వచ్చేసరికి ఏ తల్లికి గుండె ఆగుతుంది? కొత్త మనిషి కనపడితే చాలు కొట్టారు. మన తెలుగు ప్రాంతాల్లోనూ, దేశంలో ఇతర చోట్లా ఏ పాపం ఎరగనివాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొట్టినవాళ్ళు మామూలుగా అయితే చీమకి కూడా అపకారం చెయ్యని గృహస్థులే అయివుంటారు. ఆ వార్తని 'అందరికీ పంపండి' అని నలుగురికి పంపినవాళ్ళలో మనలాంటి ఆడవాళ్ళు ఎంతమంది వున్నారో! పిల్లల మీద ప్రేమతోనే పంపివుంటారు. ఆ ప్రేమలో కలిసిన భయం ఎక్కడో ఒకరి ఇంట్లో దీపం ఆర్పేసింది. ఇక ముందు అలాంటిది చేతికి వస్తే, 'ఇది ఎవరు చూశారు? ఎక్కడ? ఎప్పుడు?' అని మూడు ప్రశ్నలు వేసుకుందాం. జవాబు దొరక్కపోతే అది మన దగ్గరే ఆగిపోవాలి.

ఇంట్లో పిల్లల సంగతి కూడా రెండు మాటలు చెప్పాలి. అన్నం తినకపోతే బూచాడికి ఇచ్చేస్తాను, అల్లరి చేస్తే పోలీసుకి పట్టిస్తాను అని బెదిరిస్తూ వుంటాం. పోలీసంటే హడలిపోయేలా పెంచిన పిల్ల, పెద్దయ్యాక దొంగ పోలీసు ఫోను చేస్తే హడలిపోక ఏం చేస్తుంది? తప్పిపోయినప్పుడు అసలు పోలీసు దగ్గరికి వెళ్ళమంటే ఎలా వెళుతుంది? అలాగే పరీక్షలు. రాత్రి గడగడా అప్పజెప్పిన పిల్లవాడు పొద్దున్న హాల్లో తెల్లమొహం వేస్తాడు. వాడికి చదువు రాక కాదు. మనసనేది పలక లాంటిది. దాని మీద 'తప్పితే నాన్న చంపేస్తారు' అని భయం ముందే పెద్ద అక్షరాలతో రాసేస్తే, ఇక లెక్క చెయ్యడానికి చోటెక్కడుంది? పరీక్షకి వెళ్ళే పిల్లవాడికి పెరుగన్నం ఎంత ముఖ్యమో, 'ఎలా రాసినా ఇంటికి రా నాన్నా' అన్న మాట అంత ముఖ్యం.

మరి భయం వేసినప్పుడు ఏం చెయ్యాలి? భయపడకు అని చెపితే భయం పోదు. పోవలసిన అవసరమూ లేదు. అది కేకేస్తుంది, కేకెయ్యనివ్వండి. తాతగారి మాట వినేంత వ్యవధి మనం సంపాదించుకుంటే చాలు. అందుకు నాకు తెలిసిన ఉపాయాలు కొన్ని చెపుతాను.

మొదటిది ఊపిరి. లోపలికి పీల్చినదానికన్నా నిదానంగా, పొడుగ్గా బయటికి వదలండి. నాలుగైదు సార్లు అలా చేస్తే గుండె దడ కాస్త నెమ్మదిస్తుంది. రెండోది మాట. 'నాకు భయంగా వుంది, ఇలా జరిగింది' అని పక్కనున్నవాళ్ళకి చెప్పండి. అత్తగారికి చెప్పండి, పనిమనిషికి చెప్పండి, ఎదురింటి పిన్నిగారికి చెప్పండి. 'ఎవరికీ చెప్పొద్దు' అన్న మాట వినపడిందంటే, తప్పకుండా నలుగురికీ చెప్పవలసిన విషయమన్నమాటే!

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది, అలవాటు. భయంలో మనిషి కొత్తగా ఆలోచించలేడు గానీ, చేసి చేసి అలవాటైన పని చెయ్యగలడు. కాబట్టి భయం లేనప్పుడే చేతులకి నేర్పాలి. ఒక ఆదివారం సాయంత్రం ఇంట్లో అందర్నీ వంటింట్లోకి పిలవండి. మగవాళ్ళని కూడా! రెగ్యులేటరు ఎలా కట్టాలో ప్రతివాళ్ళ చేతా చేయించండి. చీకట్లో తడుముకుంటూ చేయించండి. మూకుడుకి సరిపడే మూత పొయ్యికి అందుబాటులో పెట్టుకోండి. బట్టలంటుకుంటే ఎలా దొర్లాలో పిల్లల చేత ఆటలాగా ఆడించండి. 1906, 1930, అంబులెన్సుకి 108, ఏ ఆపదకైనా 112, ఈ నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి, పాల లెక్క రాసుకునే కాలెండరు పక్కనే గోడకి అంటించండి. ఆ నిమిషాన బుర్ర పనిచెయ్యకపోయినా కళ్ళు పనిచేస్తాయి. గోడ మీది అక్షరాలు మన బదులు ఆలోచించి పెడతాయి.

ధైర్యం అంటే భయం లేకపోవడం కాదు. గుండె దడదడలాడుతున్నా చెయ్యి మూత మీదికి వెళ్ళడం ధైర్యం. ఒళ్ళు వణుకుతున్నా ఫోను పెట్టేసి పక్కింటి తలుపు తట్టడం ధైర్యం. ఇంటికి దీపం ఇల్లాలంటారు. గాలి వీచినప్పుడు దీపానికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. మన వివేకానికి కూడా అలాగే చెయ్యి అడ్డం పెట్టుకుందాం.